మైకు బాబాయి మౌన ప్రార్థన

చెవుడు అన్న మాట మైకు బాబాయి ముందు ఎత్తకూడదు. "నాకు చెవుడేంటి? జనాలకే నోట్లో గొణుక్కోవడం అలవాటైపోయింది" అని విరుచుకుపడతాడు. ముప్పై ఒక్క ఏళ్లు నేత మిల్లులో, వందకు పైగా మగ్గాలు ఒక్కసారిగా దడదడలాడే షెడ్డులో పనిచేసిన మనిషి. అక్కడ ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఎదుటివాడి పెదవుల కదలిక చూసి మాట పట్టుకోవడం మొదటి నెలలోనే వచ్చేస్తుంది. తన మాట గొంతు చించుకుని చెప్పడం రెండో నెలలో వస్తుంది. రిటైరయ్యాక పెదవులు చూసే విద్య బాగానే పనికొచ్చింది గానీ, గొంతు మాత్రం ఇంకా షెడ్డులోనే ఉండిపోయింది. వీధిలో ఎవరి చెవిలోనైనా ఆయన గుట్టుగా ఒక సంగతి చెబితే, మూడో అంతస్తులో బట్టలు ఆరేసుకునేవాళ్లు "అవునా" అని తలలాడించేవారు. ఆ పేరు అలా వచ్చింది. ఆయనకూ అది నచ్చింది.

భార్య పోయి పది నెలలైంది. ఒక్కగానొక్క కూతురు వేరే ఊళ్లో ఉంటుంది. అంత్యక్రియలైన సాయంత్రం తండ్రీకూతుళ్ల మధ్య ఒక మాట వచ్చింది. ఆ తర్వాత అటునుంచి ఫోను లేదు, ఇటునుంచీ లేదు. ఆ మాటేమిటో ఆయన ఏ మనిషికీ చెప్పలేదు. అంటే, చెప్పలేదనే అనుకున్నాడు.

చొక్కా కాలరు చివికిపోతే తిరగేయించుకుందామని ఒకరోజు వీధి చివర టైలరమ్మ దగ్గరకు వెళ్లాడు. ఆవిడ కాలరు చూసింది, మనిషిని చూసింది.

"బాబాయిగారూ, గురువారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకుంటాం. అయిదుగురమే. మీరూ రాకూడదూ?"

"నేను అంత భక్తుణ్ణి కాదమ్మా. మీ పిన్ని చర్చిలో కూర్చుంటే బయట బెంచీ మీద కూర్చునే రకం నేను."

"మా ఇంట్లో బెంచీ లేదు. లోపల కూర్చోవాల్సిందే."

బెంచీ మీద కూర్చోవడానికి అసలు కారణం, అంత పెద్ద హాల్లో పాస్టరుగారి పెదవులు కనపడకపోవడం. అది మాత్రం ఆయన చెప్పలేదు. గురువారం ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాడు.

షాపు పైనే వాళ్ల ఇల్లు. ముందుగదిలో కుట్టుమిషను మూలకు జరిపి దుప్పటి కప్పారు. గుడ్డలు కత్తిరించే బల్ల మీద టీ కప్పులు, ఒక పళ్లెంలో బిస్కెట్లు. రిటైరైన స్కూలు మాస్టారు బైబిలు వాక్యం చదివేవారు. ఆస్పత్రి డ్యూటీ నుంచి నేరుగా వచ్చే నర్సమ్మ కుర్చీలో కూర్చోగానే చెప్పులు విప్పేసి కాళ్లు చాపుకునేది. బస్సు డ్రైవరు ఉన్నాడు, తలుపంత మనిషి, పిల్లంత గొంతు. అయిదో మనిషి టైలరమ్మ అత్తగారు. ఆవిడకు పళ్లు లేవు, మొహమాటమూ లేదు. గది చిన్నది, అందరి మొహాలూ దగ్గరగా ఉన్నాయి. వాళ్లు మాట్లాడిందంతా బాబాయికి అందింది. ఎన్నాళ్లకో నలుగురిలో కూర్చున్నట్టు అనిపించి ఆయన ప్రాణం లేచివచ్చింది.

చివర్లో వాళ్లకొక పద్ధతి ఉంది. అయిదు నిమిషాలు అందరూ కళ్లు మూసుకుని ఎవరి మనసులో మాట వాళ్లు దేవుడికి చెప్పుకుంటారు. మౌన ప్రార్థన. బాబాయి కూడా కళ్లు మూసుకున్నాడు. తన గొంతు సంగతి తనకు తెలుసు కనుక, మహా జాగ్రత్తగా పెదవులు మాత్రమే కదిపాడు. అది ఆయన లెక్క.

"ప్రభువా," అన్నది గదంతా వినపడింది. "ఎప్పట్నుంచో నీతో మాట్లాడలేదు, ఏమనుకోకు. వంటింట్లో కుళాయి కారిపోతోంది. బకెట్టు నిండి పొర్లినా నాకు తెలియట్లేదు. ఒంగి బాగుచేద్దామంటే నడుం సహకరించదు. ఈ టైలరమ్మ మంచి పిల్ల. బిస్కెట్లే మెత్తబడిపోయాయి. ఆమేన్."

కళ్లు మూసుకుంటే ఆయనకు ఎవరి పెదవులూ కనపడవు. నర్సమ్మ చున్నీ నోట్లో కుక్కుకోవడం, మాస్టారు భుజాలు ఊగడం ఆయన చూడలేదు. అందరికీ వందనాలు చెప్పి, తేలికపడ్డ మనసుతో మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక మాస్టారు అడిగారు: "చెప్పేద్దామా?"

"చెబితే సిగ్గుతో మళ్లీ రారు" అంది టైలరమ్మ.

"రాకపోతే రాకపోనీగానీ," అంది అత్తగారు, "విన్నాక ఊరుకుంటామా? దేవుడికి పెట్టుకున్న అర్జీ మన చెవిన పడిందంటే, పని మనకు అప్పజెప్పినట్టేగా."

రెండోరోజు డ్రైవరు ఊరికే ఇటు వచ్చానంటూ వచ్చి, దాహమేస్తోందని వంటింట్లోకి వెళ్లి, కుళాయి బాగుచేసి పోయాడు. తర్వాతి గురువారం బిస్కెట్లు కరకరలాడాయి. ఆ వారం బాబాయి "ఆదివారం ఒక్కణ్ణే తినలేకపోతున్నాను ప్రభువా, ముద్ద దిగట్లేదు" అన్నాడు. ఆదివారం మధ్యాహ్నం మాస్టారు భోజనానికి పిలిచారు. మెట్ల దగ్గర చీకటిగా ఉందన్న వారం మెట్ల దగ్గర బల్బు వెలిగింది. అడగడమే ఆలస్యం, జరిగిపోతోంది. బాబాయికి నమ్మకం అలా ఇలా కుదరలేదు. ఇన్నాళ్లూ బెంచీ మీద కూర్చుని ఎంత పోగొట్టుకున్నానో అని తనను తానే తిట్టుకున్నాడు.

అంత నమ్మకం కుదిరింది కనుకే అయిదో వారం అసలు మాట బయటపెట్టాడు.

"ఆ రోజు మా ఆవిడ లోపలి గదిలోంచి పిలిచింది ప్రభువా. పైవాటా వాళ్లకు వినపడిందట. నేను ముందుగదిలో పేపరు చదువుతున్నాను. ఎన్నిసార్లు పిలిచిందో నాకు తెలీదు. పిల్ల కొనిచ్చిన చెవి మిషను సొరుగులోనే ఉంది. అది పెట్టుకుంటే ముసలాణ్ణని ఒప్పుకున్నట్టవుతుందని పెట్టుకోలేదు. మిషను పెట్టుకుని ఉంటే అమ్మ ఒంటరిగా పోయేది కాదు కదా నాన్నా అంది పిల్ల. అన్నదాంట్లో తప్పేముంది? నేనే దాన్ని ఇంట్లోంచి పొమ్మన్నాను."

ఆ రోజు మౌన ప్రార్థన చాలాసేపు సాగింది. ఆయన కళ్లు తెరిచేసరికి ఎవరూ ఆయన వంక చూడలేదు. టైలరమ్మ టీ రెండోసారి పోసింది.

ఆరో వారం మాస్టారు, దేవుడు చేసిన మేలు గురించి ఎవరైనా సాక్ష్యం చెబుతారా అని మామూలుగా అడిగారు. బాబాయి లేచి నిలబడ్డాడు.

"నేను మనిషన్నవాడికి చెప్పలేదు. కళ్లు మూసుకుని దేవుడొక్కడికే చెప్పాను. కుళాయి బాగైంది. బల్బు వెలిగింది. ఇంతకన్నా గొప్ప సాక్ష్యం ఏం కావాలి?"

ఆమేన్ అనాల్సిన వాళ్లు ఒక్కరూ అనలేదు. డ్రైవరు తన చేతుల్ని చూసుకుంటూ కూర్చున్నాడు. ఇక అత్తగారి వల్ల కాలేదు.

"నాయనా, నువ్వు దేవుడొక్కడికే చెప్పుకుంటే నాలుగిళ్లకు వినపడుతుంది. కుట్టుమిషను అడ్డం పెట్టినా ఆగదు నీ గొంతు."

ఆవిడకు పళ్లు లేకపోయినా పెదవులు మహా స్పష్టం. పొరపాటు పడటానికి వీల్లేదు.

"అంతా విన్నారా?" అన్నాడు బాబాయి. "పోయిన వారంది కూడా?"

టైలరమ్మ తలూపింది. ఆయన చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి మెట్లు దిగి వెళ్లిపోయాడు.

రెండు గురువారాలు రాలేదు. తలుపు కొడితే వినపడనట్టు ఊరుకున్నాడు, ఆ వీలు ఆయనకు ఎలాగూ ఉంది. మూడోవారం మధ్యాహ్నం టైలరమ్మ చెప్పులూ, కాలరు తిరగేసిన చొక్కా పట్టుకొచ్చి కిటికీ ముందు నిలబడింది. కిటికీలో మనిషి కనపడితే తలుపు తియ్యక తప్పదు.

"నన్ను చూసి జాలిపడ్డారు" అన్నాడు.

"పడ్డాం. పడకూడదా?" అంది. "ఒకటి చెప్పనా బాబాయిగారూ? మీరు రాకముందు ఆ అయిదు నిమిషాలూ నేను మర్నాడు ఇవ్వాల్సిన జాకెట్ల గురించి ఆలోచించుకునేదాన్ని. మాస్టారు కునుకు తీసేవారు. ఉన్నదున్నట్టు చెప్పుకున్నది మీరొక్కరే. మీ సంగతులన్నీ మాకు తెలుసు, మావి మీకు తెలియవు. అదొక్కటే నాకు నచ్చలేదు. ఈ వారం మేం పైకే చెప్పుకుంటాం. కాకపోతే డ్రైవరు తమ్ముడి గొంతు మాకే వినపడి చావదు, కళ్లు మూసుకుంటే మీకసలు అందదు. ఆ సొరుగులోది తెచ్చుకుంటే తప్ప."

ఆయన చొక్కా తీసుకున్నాడు.

గురువారం అందరికన్నా ముందే వచ్చాడు. జేబులోంచి చిన్న డబ్బా తీసి నర్సమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ కొత్త బ్యాటరీ వేసి, చిన్నపిల్లాడికి తలదువ్వినంత శ్రద్ధగా చెవికి తగిలించింది. ఫ్యాను కిర్రుమంది. కప్పు సాసరుకు తగిలింది.

"ఇది పనిచేస్తోందా?" అన్నాడు, తన మాటకు తనే ఉలిక్కిపడ్డాడు. "ఇదా నా గొంతు? ఇన్నాళ్లూ ఎలా భరించారయ్యా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు కూడా ఆయనకు వినపడింది.

కళ్లు మూసుకున్నారు. మాస్టారు తన మతిమరుపు గురించి, నర్సమ్మ తాను చూసుకుంటూ ఉండగా పోయిన ఒక బిడ్డ గురించి దేవుడికి చెప్పుకున్నారు. డ్రైవరు, బ్రిడ్జి మలుపు దగ్గరకు వచ్చేసరికి తనకు రోజూ చేతులు వణుకుతున్నాయనీ, ఇంట్లో చెప్పలేకపోతున్నాననీ అన్నాడు. ఆ పిల్లంత గొంతు బాబాయికి మాటమాటా అందింది. కళ్లు తెరవకుండానే చెయ్యి చాచి అతని మోకాలి మీద వేశాడు. తర్వాత తన వంతు వచ్చింది. ఈసారి నిజంగానే పెదవులు మాత్రం కదిపాడు.

"ఏమన్నాడు?" అంది అత్తగారు. "ఒక్క ముక్కా వినపళ్లేదు. ఇప్పుడు మనం ఏం చెయ్యాలో ఎలా తెలిసేది?"

"ఇది మీరు చెయ్యగలిగింది కాదక్కా" అన్నాడు బాబాయి. "పిల్లకు ఫోను చేసే ధైర్యమిమ్మని అడిగాను."

"అది మేం ముట్టుకోలేదు" అంది టైలరమ్మ మెల్లగా. "అదొక్కటీ మీకే వదిలేశాం."

ఆయన ఫోను తీశాడు. నంబరు నొక్కాడు. అవతల మోగుతున్న చప్పుడు మిషనులో గణగణమంది. నాలుగుసార్లు మోగింది.

"చెప్పు తల్లీ," అన్నాడు, అవతలివాళ్లు ఇంకా ఎత్తనే లేదు. మళ్లీ మోగింది. ఆగింది.

"నాన్నా" అంది కూతురు. చాలా చిన్నగా అంది. ఆ అమ్మాయి చిన్నప్పటి నుంచీ తండ్రితో అరిచే మాట్లాడింది. ఈసారి వినపడదులే అనుకుని, అరవలేక, తనలో తను అనుకున్నట్టు అంది.

"వినపడింది తల్లీ" అన్నాడు బాబాయి.