సరంగు గోడకు తెల్లసున్నం

మా అల్లుడి తెరచాప పడవలో తిరుగుతూ ఆ దీవికి చేరాము. ఒడ్డు పొడవునా ఎరుపు, నీలం, పసుపు ఇళ్లు వరుసదీరి ఉన్నాయి. చూడవచ్చినవారు అవి అందం కోసం వేసిన రంగులనుకుంటారు. ఆ ఊళ్లో ఏ ఇంటి పడవకు ఏ రంగో, ఆ ఇంటి గోడకూ అదే రంగు. పడవ అమ్ముకున్నవాడు గోడకు తెల్లసున్నం కొట్టాలి. తుఫాను వెలిశాక ఎవరి పడవ తిరిగి రాలేదో పొరుగు దీవివాళ్లు సైతం ఆ గోడలను బట్టే పోల్చుకుంటారు.

రేవులో మా తాడు అందుకున్న పెద్దమనిషిని అందరూ సరంగు అంటారు. కీళ్లనొప్పులు భరించలేక నిరుడు పడవ అమ్మేశాడు. ఇల్లు మాత్రం ఆకుపచ్చగానే ఉంది. మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇచ్చాడే గాని తాను కూర్చోలేదు. గుమ్మానికీ కిటికీకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

“ఒకచోట కుదురుగా ఉండవయ్యా, నేల అరిగిపోతుంది,” అన్నది ఆయన భార్య.

“నేల అరిగితే పూడ్చుకుందాం. మొన్న ఆ కుర్రాళ్లు పోయుంటే ఏం పెట్టి పూడ్చేదానివే?”

సంగతి ఆమే చెప్పింది. మొన్నటి తుఫానులో పొరుగు దీవివాళ్లు ఆకుపచ్చ గోడ చూశారు. రేవులో ఆకుపచ్చ పడవ కనబడలేదు. సరంగు సముద్రంలో చిక్కుకున్నాడనుకుని వెతకబోయారు. వారి పడవ బోల్తాపడింది. అందరూ ఒడ్డుకు చేరారు గాని ఒకడి చెయ్యి విరిగింది. అప్పుడు ఈయన ఇంట్లో దుప్పటి ముసుగుతన్ని పడుకున్నాడు.

“మరి సున్నం కొట్టలేదేమమ్మా?” అన్నాను.

“కొట్టనిస్తే కదా అన్నయ్యగారూ. పర్యాటక కార్యాలయంవాళ్లు తెలుపు కుదరదన్నారు. ఫోటోలో పన్ను ఊడినట్టుంటుందట.”

గోడకు అంటించిన ఆ ఉత్తర్వును చదివి, అక్షరం పోకుండా నకలు తీసుకున్నాను. ‘సుందరీకరణ’ అన్న మాట అడుగడుగునా ఉంది. పడవల ఊసు ఎక్కడా లేదు. ఎవరి ఫోటో కోసమో ఎవరి బిడ్డల ప్రాణాలనో పణం పెట్టే అధికారం వీరికి ఏ చట్టం ఇచ్చినట్టు?

“అర్జీ రాయండి మామగారూ, మీకు వెన్నతో పెట్టిన విద్య,” అన్నాడు అల్లుడు.

“రాస్తాను. జవాబు వచ్చేలోగా ఇంకో తుఫాను వస్తుంది.”

సరంగు నడక ఆపాడు. పెరట్లోకి వెళ్లి సున్నం బకెట్టుతో తిరిగి వచ్చాడు.

“పోలీసులు తీసుకెళ్లి లోపల కూర్చోబెడితే?” అన్నది భార్య.

“మంచిదేగా. కుదురుగా ఉండమని నువ్వే పోరుతున్నావు.”

మధ్యాహ్నానికి గోడ తెల్లబడింది. అయినా ఆయన కాలు నిలవలేదు. అవతలి దీవి నుంచి ఎలా కనబడుతుందో చూడాలంటూ మా పడవ ఎక్కాడు. ఆ ఒడ్డు దగ్గరపడ్డాక వెనుదిరిగి, చెయ్యి కళ్లకు అడ్డంపెట్టుకుని చాలాసేపు చూశాడు.

“గోడ బాగానే ఉంది. తలుపు ఆకుపచ్చగా మిగిలిపోయింది. వెనక్కి తిప్పు నాయనా.”

“ఇంత దూరం నుంచి తలుపు ఎవరికి కనబడుతుంది బాబాయ్?” అన్నాడు అల్లుడు.

“నాకు కనబడుతోందిగా. ఆ కుర్రాళ్లవి నాకన్నా మంచి కళ్లు.”

అంటూనే అల్లుణ్ణి పక్కకు జరిపి, చుక్కాని తానే పట్టుకున్నాడు.