పసుపుతో మానిన గాయం

ఉద్యోగ విరమణ తరువాత, ఎల్లారెడ్డిలో మా ఇంటి ముందే పాత కారును స్వయంగా బాగుచేసుకోవడం నాకు అలవాటైంది. పానాలన్నీ సైజు ప్రకారం గోడకు వేలాడతాయి. నా ఒంటి మీది గాయాలకు మాత్రం అటువంటి వరుస లేదు. నడుము ఎప్పుడు పట్టేసిందో, ఇంజన్ మోతకు కుడి చెవి ఎప్పుడు మందగించిందో చెప్పలేను.

మొన్న ఎండాకాలంలో ఒకనాడు, ఇంజన్ ఆపిన వెంటనే బానెట్ కింద చేయి పెట్టి, జారిపడిన నట్టు కోసం వెతుకుతున్నాను. మా ఆవిడ వంటింట్లోంచి బయటికి వచ్చి, "పొయ్యి మీద ఏం వెట్టలేదు, ఏం మాడుతున్నది?" అని అడిగింది. ఇద్దరం అటూ ఇటూ చూశాము. మాడుతున్నది నా ఎడమ చేతి చిటికెన వేలు. అది సైలెన్సర్ గొట్టానికి ఆని ఉంది. నాకు నొప్పే తెలియలేదు.

కామారెడ్డిలో వైద్యుడు ఆ వేలికి కట్టు కట్టి, మణికట్టు మీది సన్నని గీతను చాలాసేపు పరిశీలించాడు. దాని లోపల గ్రీజు మరక పచ్చబొట్టు వలె నిలిచిపోయి ఉంది. అది ఎలా అయిందని అడిగాడు. నాకు గుర్తు రాలేదు. ఒకసారి జాకీ జారి అదే చేయి నలిగిందనీ, స్పర్శ పోయి ఉంటే అప్పుడే పోయి ఉండాలనీ వాదించాను. ఆయన ఒప్పుకోలేదు.

నా వెంట వచ్చిన మా ఆవిడకు అంతా గుర్తుంది. ఏళ్ళ కింద ఒక దసరా నాడు కారుకు పూజ చేయాలని లోపలంతా తుడుస్తుంటే మణికట్టు దగ్గర రేకు కోసుకుందట. పూజ పళ్ళెంలోని పసుపు తానే తీసి గట్టిగా అద్దిందట. రక్తం ఆగింది; కొబ్బరికాయ కొట్టి, ఊళ్ళో పెద్దలకు జమ్మి ఆకు ఇచ్చి వచ్చానట. ఆ తరువాత చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరిగా ఉన్నా, పని వల్ల మొద్దుబారాయని అనుకున్నాను.

ఆ గీత కింద తెగిన నరాన్ని అప్పుడే కుట్టి ఉంటే అతుక్కునేదేమోననీ, ఇన్నేళ్ళకు ఆ రెండు వేళ్ళకు స్పర్శ రావడం కష్టమనీ వైద్యుడు చెప్పాడు.

బస్టాండులో మా ఆవిడ నా వేలి కట్టును సవరించింది. తరువాత మెల్లగా అన్నది: "నేను పసుపు వెట్టకపోతే రక్తం ఆగకపోవు. రక్తం ఆగకపోతే మీరు దవాఖానకు వోతుంటిరి. గంతేనా?"

"గట్ల కాదు," అన్నాను.

"మరెట్ల?"

పిల్లలకు ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పినవాణ్ణి. ఆమె చెప్పిన వరుసలో తప్పు ఉన్నదని తోచింది గాని, ఎక్కడ ఉన్నదో ఎంత ఆలోచించినా చిక్కలేదు.

బస్సులో ఆమె నా ఎడమ చేతిని ఒడిలోకి తీసుకొని, ఉంగరపు వేలిని నొక్కి, "తెలుస్తున్నదా?" అని అడిగింది. తెలుస్తున్నదన్నాను. ఆమె ముఖం కాస్త తేటపడింది. నిజంగా వేలికే తెలిసిందో, కళ్ళతో చూస్తున్నందువల్ల తెలిసినట్లు తోచిందో నాకు అర్థం కాలేదు. మరొకసారి నొక్కి చూడమని అడగలేదు.