ఘడీరాజాకు జరగని ప్రార్థన

నిన్నను, నేటిని, రేపటిని ఒక్క చూపులో చూడగల దేవునికి స్తోత్రం. మనం పాడుచేసుకున్న దినాల తర్వాత కూడా మళ్ళీ తెల్లవారనిచ్చే ఆయన నామానికి మహిమ. ఈ మాట ముందుగా చెప్పుకుంటున్నాను. తర్వాత రాసేదంతా కోపంతో రాస్తున్నాను కాబట్టి, ఆ కోపంలో స్తోత్రం మరిచిపోతానేమోనని భయం.

మా చెల్లెలి కూతురికి పదిహేడేళ్ళు. వాళ్ళది పోర్ట్ బ్లెయిర్ పక్కన సిప్పీఘాట్. తెలుగు గలగలా మాట్లాడుతుంది గాని చదవాలంటే కూడబలుక్కోవాలి. అలాంటి పిల్ల ఈ ఏడు గరాచర్మలోని మా తెలుగు సంఘంలో యవ్వనస్థుల ఆదివారానికి ఒక నాటిక రాసింది. రెండు నెలలు కష్టపడి, అక్షరాలు వాళ్ళమ్మను అడిగి దిద్దుకుంటూ తెలుగులోనే రాసింది.

కథ ఇది. ముగ్గురు అమ్మాయిలు గరాచర్మ బస్‌స్టాపు పక్కన తుప్పు పట్టిన బస్సు ఎక్కుతారు. రివర్స్ గేరు వేస్తే అది వెనకటి కాలానికి పోతుంది. మా సంఘం మొదటి ప్రార్థన షెడ్డు ఎలా ఉండేదో చూసి తిరిగి వస్తారు. తీరా దిగబోతే చివరి సీట్లో ఘడీరాజా కూర్చుని ఉంటాడు!

ఘడీరాజా సంగతి మా సంఘం బయటి వాళ్ళకు చెప్పాలి. ముప్పై ఏళ్ళ క్రితం నాకు అంతరిక్షం పిచ్చి. అదే యవ్వనస్థుల ఆదివారానికి నేనొక నాటిక రాశాను. వేరే నక్షత్రం నుంచి రేకు ఒంటితో, గుండెల మీద గోడ గడియారంతో ఘడీరాజా, అంటే గడియారాల రాజు, దిగి, భూమి మీది ఆదివారాలన్నీ దొంగిలించాలని చూస్తాడు. చివర్లో పిల్లలందరూ కలిసి వాణ్ణి సముద్రంలోకి తోసేస్తారు. ఆ వేషం వేసిన మనిషి అప్పట్లో జెట్టీలో వెల్డింగ్ పని చేసేవాడు. రేకులు తనే అతుక్కున్నాడు. జనం నవ్వి నవ్వి బెంచీల మీద నుంచి పడిపోయారు. ఆ వెల్డరే ఇప్పుడు మా సంఘ కార్యదర్శి.

మేనకోడలి నాటికలో ఘడీరాజా పోర్ట్ బ్లెయిర్‌లో దిగి, ఆదివారం ఆరాధనకు వచ్చి, ప్రసంగం మధ్యలో ఒక్కొక్కరి ఒళ్ళోకి తొంగి చూస్తాడు. అందరి ఒళ్ళోనూ ఫోను. "అరే భయ్యా, నేను దొంగిలించడానికి ఇక్కడేం మిగిలింది? మీరే ఇచ్చేసుకున్నారు కదా!" అని తల పట్టుకుంటాడు. పని లేక వారమంతా బస్‌స్టాపులో కూర్చుంటాడు. చివరికి, ప్రార్థన ఎలా చేయాలో నేర్పమని ఆ అమ్మాయిలను అడుగుతాడు. పిల్ల చదివి వినిపిస్తుంటే నేను కళ్ళు తుడుచుకున్నాను. కొంత నవ్వుకు, కొంత మరొకందుకు.

కార్యదర్శి అందరికంటే సంతోషిస్తాడనుకున్నాను. కమిటీ వాళ్ళు పిల్ల నాటిక రాసిన పుస్తకం తెరవను కూడా లేదు. ఆయన అట్ట మీద చెయ్యి పెట్టి, "వేరే నక్షత్రాల మనుషులు వాక్యంలో లేరు. మన వేదిక మీద వద్దు" అన్నాడు. మిగతా ఇద్దరు పెద్దలూ తలలూపారు. ముప్పై ఏళ్ళ క్రితం వాక్యంలో ఉన్నారా వాళ్ళు? రేకులు తొడుక్కున్నప్పుడు కనబడని వాక్యం ఇప్పుడే కనబడిందా? నా ఒళ్ళు మండింది. మన పిల్లలు తెలుగు వదిలేస్తున్నారని ప్రతి వార్షిక కూటంలోనూ మైకు పట్టుకుని ఏడ్చేది ఈ పెద్దలే. ఒక పిల్ల తెలుగులో రాసి తెస్తే పేజీ తిప్పడానికి వీళ్ళకు వేళ్ళు రాలేదు.

బయటికి వచ్చాక పిల్ల అడిగింది. "మావయ్యా, తప్పు ఏటుందో చెప్పమను, దిద్దుతాను. చదవకుండా ఎలా తెలిసింది వాళ్ళకి?"

"నేను మాట్లాడతానమ్మా. పుస్తకం నా దగ్గర ఉంచి రెండు వారాలు ఆగు."

"ఆగుతా. కానీ సచ్ చెప్తున్నా, ఇది ఆడనివ్వకపోతే నేను మళ్ళీ ఇక్కడికి రాను. మా ఫ్రెండ్స్ హిందీ ఆరాధనకెళ్తారు, వాళ్ళతో పోతా. అక్కడ నన్ను చూస్తే ఎవరూ 'అక్షరాలు రావు' అని నవ్వరు."

నేను రెండు కాదు, మూడు వారాలు కార్యదర్శి మీద కోపంతో మొహం చాటేసి తిరిగాను. నాలుగో వారం ఆయన ఇంటికి వెళ్ళాను. కూర్చోకుండానే కడిగేశాను. ఆయన నాకు కుర్చీ లాగి వేశాడు. తర్వాత, "ఏటి బ్రదర్, మళ్ళీ తెత్తావా వాణ్ణి?" అన్నాడు.

"వాడు వేషం కదా!"

"నీకు వేషం. నాకు పేరైపోయింది. జెట్టీలో ఘడీరాజా, బస్సులో ఘడీరాజా. మా పిల్లలు బడికెళ్తే ఘడీరాజా పిల్లలు."

లోపల్నుంచి టీ తెస్తూ ఆయన భార్య అందుకుంది. "మా పెద్దదాన్ని చూసుకోడానికి వచ్చినోళ్ళు వీధి మొదట్లో ఘడీరాజా ఇల్లెక్కడని అడిగారు అన్నయ్యా. నవ్వుకుంటూనే వచ్చారు, నవ్వుకుంటూనే ఎల్లిపోయారు."

"నాటిక ఆడిన రోజు నాకు ప్రార్థన చెయ్యలేదు, గుర్తుందా?" అన్నాడాయన.

గుర్తుంది. మా సంఘంలో ఒక కట్టడి ఉంది. హేరోదు వేషమో, యూదా వేషమో, సాతాను వేషమో వేసినవాడు నాటిక అయిన వెంటనే రంగు కడుక్కుని ముందుకు రావాలి. సంఘమంతా చేతులెత్తి అతని కోసం ప్రార్థిస్తుంది. ఆ తర్వాత అతణ్ణి ఎవరూ ఆ పేరుతో పిలవకూడదు. పిలిచిన పిల్లలకు వాళ్ళ అమ్మల చేతుల్లో దెబ్బలు పడేవి. ఘడీరాజా వేసిన రోజున ఈయన మొహం కడుక్కుని వచ్చి వేదిక పక్కన నిలబడ్డాడు. "బైబిల్లో లేని వేషానికి ప్రార్థన ఎందుకు? ఇది సైన్సు కదా" అన్నది ఎవరో కాదు, నేను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వి, వెళ్ళి కూర్చున్నాడు.

హేరోదును అంతమంది వేశారు, ఒక్కరికీ ఆ పేరు అంటలేదు. మేము ప్రార్థన మానేసిన ఒక్కడికి ముప్పై ఏళ్ళు అంటుకుంది. ఎవరి మీద కోపపడాలి? వెళ్ళినప్పుడు ఆయన మీద తీసుకెళ్ళిన కోపమంతా టీ చల్లారేలోపు నా మీదకే తిరిగింది. నా మీద ఒక్కడి మీదే కాదు. ప్రతి ఆదివారం శత్రువును క్షమించమని విని, బయటికి రాగానే పొరుగువాడికి పేరు పెట్టి పిలిచే మా అందరి మీద. అయినా ఆయనకు ఒక మాట చెప్పకుండా లేవలేదు. "తప్పు నాది. దానికి ఆ పిల్లకెందుకు శిక్ష?" ఆయన నా చేతిలోని పుస్తకం అడిగి తీసుకున్నాడు. అక్కడే, నా ఎదుటే, కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాడు. బస్‌స్టాపు దగ్గర నవ్వాడు. చివరి పేజీ రెండుసార్లు చదివి, "ఆడనీ" అన్నాడు.

ఆ ఆదివారం నేను సంఘం ముందు నిలబడి నా తప్పు ఒప్పుకున్నాను. పాస్టరు గారు కార్యదర్శిని ముందుకు పిలిచి ప్రార్థన చేశారు. వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు కూడా! ఆ నవ్వు ఇంకా నా చెవుల్లో మంటలాగే ఉంది.

మధ్యాహ్నం పిల్లకు ఫోను చేశాను, ఒప్పుకున్నారమ్మా అని.

"దేర్ అయిపోయింది మావయ్యా, లేటు చేశారు," అంది. "నా దగ్గరున్న రఫ్ కాపీ హిందీ ఆరాధనలో యూత్ చూసే దీదీకి ఇచ్చేశాను. కూర్చోబెట్టుకుని చదివించుకుంది, అదే రోజు ఓకే అంది. హిందీలోకి మార్చేశాం. రిహార్సల్ కూడా మొదలైంది."

"మరి తెలుగులో?"

"తెలుగు పుస్తకం మీ దగ్గరే ఉందిగా. ఉంచుకోండి."

గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బతిమాలి ఉండేవాణ్ణి.

మా కార్యదర్శి, నేను ఆ నాటిక చూడటానికి వెళ్తున్నాం. ఆమె ఎక్కడ ఆరాధించినా దేవుడొక్కడే, దానికి నాకు బాధ లేదు. మా బెంచీ మీద నుంచి ఆమెను లేపి పంపింది మేమే, బాధ దానికి. చదువుతున్న సహోదరులారా, సహోదరీలారా, మీరున్న చోటే నాతో కలిసి ఒక్క నిమిషం తల వంచండి. ఆ పిల్ల చేతిలోని కలాన్ని ప్రభువు దీవించాలని, తెరిచి చూడకుండా మూసే మా చేతులను ఆయన గద్దించాలని, ఆమె ఎప్పుడైనా మా గుమ్మం ముందుకు వస్తే లోపల నవ్వు వినబడకూడదని ప్రార్థించండి. ఆమేన్.