అమ్మకపు గొంతు

డార్లీన్ కొపెకీ అమెరికాలోని అయోవాలో ఏళ్ల తరబడి కార్లు అమ్మింది. వచ్చినవాళ్లను పేరు పెట్టి పిలిచి, చేతి మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి మాట్లాడిందంటే కాదని వెళ్లేవాళ్లు తక్కువ.

ఒక శీతాకాలంలో చెల్లెలు రోవీనా తన రొమ్ములో గడ్డ తగులుతోందని, ఆస్పత్రికి మాత్రం వెళ్లేది లేదని చెప్పింది. డార్లీన్ ఆమె వంటింట్లో కూర్చుని బతిమాలింది.

"రోవీనా, నా మాట వినవే. ఒక్కసారి నాతో రా."

"చాల్లే అక్కా! చెయ్యి పట్టుకోవడం, గొంతు తగ్గించడం, ఇవన్నీ మీ షోరూములో నేను చూడనివా? నాకు కారేమీ అక్కర్లేదు."

డార్లీన్ ఉలిక్కిపడి చూసుకుంది. నిజంగానే తన చెయ్యి చెల్లెలి చేతి మీద ఉంది. వెనక్కి తీసుకుంది గానీ ఏడుపు ఆపుకోలేకపోయింది.

"అబ్బో, కన్నీళ్లు కూడానా!" అని నవ్వుతూ రోవీనా కాఫీ పోసింది. తను ఇంకేం చెప్పినా బేరంలాగే వినిపిస్తుందని డార్లీన్ ఊరుకుంది.

వేసవి రాకముందే రోవీనా పోయింది. చర్చిలో అంత్యక్రియలప్పుడు చెల్లెలి గురించి రెండు మాటలు చెప్పమని అక్కను అడిగారు. డార్లీన్ లేచి నిలబడింది. నోటిదాకా వచ్చిన ప్రతి మాటా ఎప్పుడో ఏ కొనుగోలుదారుతోనో అన్నదే. అందరూ ఎదురుచూస్తుండగా ఏమీ చెప్పకుండానే కూర్చుండిపోయింది.