కర్ర పడ్డాకనే ఇంటికి

మొన్న సంతాప సభలో మీలో ఒకామె మైకు పట్టుకుని, మన డ్రిల్లు టీచర్‌ను "ఓటమి ఎరుగని మనిషి" అంది. మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. తప్పమ్మా. పోయిన గురువారం పొద్దున సూర్యాపేట దవాఖానలో కన్నుమూసిన ఆ మనిషి, కోదాడ బడిలో మిమ్మల్ని రోజూ సాయంత్రం ఓడించి ఇంటికి పంపింది. సంతాప సభలో కొంచెం అబద్ధం ఆడవచ్చు, మరీ తలకిందులుగా ఆడకూడదు.

తరవాతి బ్యాచీల వాళ్లకు తెలియకపోవచ్చు కాబట్టి చెబుతున్నాను. నేను అదే బడిలో తెలుగు చెప్పాను. ఆమె ఇల్లు మా గోడ అవతల. ఆమెది మిర్యాలగూడ. అక్కడ రైసుమిల్లులో పనిచేసే తమ్ముడు పంపిన ఊకను బస్తాల్లో కుక్కించి, హైజంపు ఆడే పిల్లలు పడడానికి పరుపులా పరిపించేది. రెండు గుంజల మధ్య వెదురు కర్ర. దాటిన పిల్లను మెచ్చుకోవడం ఉండదు, కర్ర ఇంకాస్త పైకి జరుగుతుంది. అది కింద పడితేనే ఆ పిల్లకు ఇంటిదారి.

పిల్లలు ముఖాలు వేలాడేసుకుని పోతుంటే నాకు ఒళ్లు మండేది. దాటగానే పంపేస్తే నీ సొమ్మేం పోయిందని ఒకసారి అడిగాను. ఆమె గుంజకు ఆనుకుని, తాపీగా చెమట తుడుచుకుంది.

"దాటిన ఎత్తు ఇంటికి పోంగనే మర్చిపోతరు టీచర్. పడ్డ ఎత్తు రాత్రంత యాదికుంటది."

పిల్లల నిద్ర చెడగొట్టడం ఏం చదువు అన్నాను నేను. ఇద్దరం రిటైరయ్యాం గాని ఆ వాదన రిటైర్ కాలేదు.

సూర్యాపేటలో జిల్లా పోటీలకు తోడు మనిషిగా నేనూ వెళ్లాను. అక్కడ ఊక బస్తాలు లేవు, పాలలా తెల్లటి స్పాంజి పరుపు ఉంది. మన పిల్ల బాణంలా ఉరికింది. కర్ర దాకా వచ్చి టక్కున ఆగి, పరుపు చుట్టూ మర్యాదగా నడిచి అవతలికి పోయింది. అది తప్పు కింద రాసుకున్నారు. ఏమైందని అడిగితే, కాళ్లకు మట్టి ఉంది, పరుపు ఖరాబైతదని ఆ పిల్ల గొణిగింది. ఊకలో దొర్లిన పిల్లలకు తప్ప ఇంకెవరికీ ఆ భయం రాదు.

డ్రిల్లు టీచర్ దుమ్ము బూట్లతోనే పరుపెక్కి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. పోటీలవాళ్లు అరుస్తుంటే దిగి వచ్చి, పిల్ల భుజం తట్టింది.

"ఇగ ఖరాబైంది. దుంకు."

ఆ పిల్ల గెలవలేదు, మూడోది వచ్చింది. ఇది చదువుతూ నవ్వుకుంటున్నది ఎవరో నాకు తెలుసు.

ఇంతవరకూ నాకు ఆమె అర్థమయినట్టే ఉండేది. చివరి రోజున అదీ పోయింది.

మా మనవరాలు గ్రూప్స్ పరీక్ష రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పింది. ఈలోగా మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో చిన్న ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి, చేరకపోతే ఇంకొకరికి ఇస్తారు. దానికి చేరాలని. నాకు మళ్లీ రాయించాలని. డిప్యూటీ కలెక్టరు నానమ్మ అనిపించుకోవాలన్న ఆశ నాకు లేదంటే మీరు నమ్మరు. ఇంట్లో మాటలు ఆగిపోయే దాకా వచ్చి, బుధవారం ఇద్దరం సూర్యాపేట దవాఖానలో ఉన్న డ్రిల్లు టీచర్ దగ్గరికి వెళ్లాం. ఒక్కొక్కరినే లోపలికి వదిలారు. ముందు అది వెళ్లింది, తరవాత నేను.

ఆమె గొంతు బాగా తగ్గిపోయింది. అయినా నన్ను వదల్లేదు. "పిల్లను పోనియ్యి టీచర్. ఎన్నేండ్లు కర్ర కిందనే నిలబెడ్తవ్?"

జీవితమంతా కర్ర పైకి జరిపిన మనిషి అన్న మాట అది. తిరుగు బస్సు మునగాల దాటేసరికి నన్ను నేను ఒప్పించుకుని, సరేలే, పోయి చేరు అన్నాను. మనవరాలు కిటికీలోంచి చూపు తిప్పలేదు.

"లేదు నానమ్మా. మల్ల రాస్త. చిన్నదానికి ఒప్పుకోకు, ఇంకోపారి దుంకు అన్నది నాతోని."

పొద్దుటి దాని మాట నేను, పొద్దుటి నా మాట అది పట్టుకుని కోదాడ దాకా పోట్లాడుకున్నాం. కండక్టరు రెండుసార్లు తిరిగి చూశాడు. తెల్లారి ఫోను చేసి నిలదీద్దామనుకున్నాను. ఫోను అటునుంచే వచ్చింది, వార్తతో.

మందుల మత్తులో అందా? ఎవరు దేనికి భయపడుతున్నారో చూసి వాళ్లకు అదే చెప్పిందా? లేక మా పోట్లాట మమ్మల్నే తేల్చుకోమందా? లక్ష్యం ఎత్తుగా పెట్టుకోవాలని బోర్డు మీద ఎన్నో ఏళ్లు రాయించాను. ఆ ఎత్తు ఎవరు కొలవాలన్నది నాకు ఇప్పటికీ తెలియడం లేదు. ఆమెకు తెలిసే ఉంటుంది. అడుగుదామంటే మనిషి లేదు.

సోమవారం పొద్దున మనవరాలు మేళ్లచెరువు బస్సెక్కింది. సంచీ నా చేతికందిస్తే బరువుగా ఉంది, బట్టల బరువు కాదది. ఎత్తి లోపలికి అందించాను. నిన్న ఫోను చేసింది. అక్కడ తనతో గదిలో ఉండే ఇద్దరమ్మాయిలు పెందలాడే లైటు ఆర్పేస్తారట.

అందుకని, ఆదివారం దశదినకర్మకు సూర్యాపేట నుంచి వచ్చేవాళ్లలో ఎవరైనా ఒకరు, మంచం కమ్మీకి క్లిప్పుతో తగిలించే చిన్న లైటు ఒకటి కొనుక్కురండి. చార్జింగుది అయితే మంచిది. వెలుగు దాని గ్రూప్స్ పుస్తకం మీద పడాలి గాని, పక్క మంచం పిల్ల కళ్లలో పడకూడదు. కొట్టులోనే వెలిగించి చూసి తీసుకోండి.