ఫొటో వెనక్కి తిప్పే పెద్దావిడ

కెనడాలోని హాలిఫాక్స్‌లో చదువుకునే రోజుల్లో నాకో పార్ట్‌టైమ్ పని దొరికింది. నాజీల మారణహోమం నుంచి బతికి బయటపడ్డ యూదు కుటుంబాల ఉత్తరాలు, ఫొటోలు భద్రపరిచే చిన్న ఆఫీసది. అక్కడి పెద్దావిడ ఏ ఫొటో చేతికొచ్చినా ముందు వెనక్కి తిప్పి చూసేవారు. పెళ్లిచూపులకెళ్లి అమ్మాయిని వదిలేసి గోడను చూసినట్టుండేది నాకు. వెనక పేరుంటే ఆవిడ ముఖం వెలిగిపోయేది. లేకపోతే తెచ్చినవాళ్లకి పోలీసు విచారణే.

మొదటి వారమే, చిరుగుతున్న ఒక ఫొటోను లామినేషన్ చేయించుకొస్తానన్నాను. టెన్త్ మెమోతో సహా అన్నీ లామినేట్ చేయించుకుని విమానమెక్కినదాన్ని మరి! ఆవిడ ఆ ఫొటోను గుండెకు హత్తుకున్నారు.

"చేపలా ప్యాక్ చేస్తావా? ఒకసారి ప్లాస్టిక్ అతికిస్తే మళ్లీ ఊడదు, వెనక ఏమీ రాయలేం!"

ఆ తర్వాత నేను కనబడితే చాలు, నవ్వుతూ డ్రాయర్‌కి తాళం వేసేవారు.

ఒకరోజు నా పర్సులోంచి లామినేట్ చేసిన ఫొటో జారిపడింది. ఆవిడ తీసి, అలవాటుగా వెనక్కి తిప్పారు. ఖాళీ.

"ఎవరు?"

"మా అమ్మమ్మ."

"పేరు?"

ఊరంతా ఆమెను పెద్దమ్మ అనే పిలిచేవారు. నాకు అంతకుమించి తెలియదు. ఈసారి ఆవిడ ఏడిపించలేదు. చెవి మీది పెన్సిల్ తీసి, ప్లాస్టిక్ మీద రాయదు కాబట్టి ఒక చీటీతో సహా నా చేతిలో పెట్టారు.

"మాణిక్యమ్మ. ఇప్పుడెందుకే?" అంది అమ్మ ఫోన్లో.

పెద్దావిడ పేరు ఇక్కడ చెప్పను. నా దగ్గరున్న ఆవిడ ఫొటో వెనక మాత్రం రాసిపెట్టాను, పెన్సిల్‌తో. దాన్ని లామినేట్ చేయించలేదు.