మా ఇల్లు అమ్మనివ్వని పెద్దమ్మ

పక్కింటి పెద్దమ్మ పోయింది. మల్కాజిగిరిలో ఉండే ఆమె కూతురు పొద్దున్నే ఫోన్ చేసి, "అక్కా, అమ్మ ఇగ లేదు" అని ఏడ్చింది. నాలుగు రోజులు ఉండి వస్తానని కూతురింటికి వెళ్లిన మనిషి అక్కడే నిద్రలో పోయిందట. నిజం చెప్తున్నాను, నాకు ముందు కోపం వచ్చింది. ఇప్పుడు పోవాల్సిన తొందర ఏమొచ్చింది ఆమెకు? మా ఇంటి రిజిస్ట్రేషన్ ఇంకా కానేలేదు.

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. ఆమె గురించి అట్లా రాస్తే లేచి వచ్చి, "ఏందే, గివన్నీ ఎవల ముచ్చట్లు?" అని అడుగుతుంది. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నాచారంలో ఈ గల్లీ అంతా ఒకప్పుడు ఆమె మామగారి జొన్నచేను. చేను పోయి ఇళ్లు లేచినా ఆమె నడకలో మాత్రం చేను పోలేదు. ఎవరి గేటు ముందు చెత్త ఉన్నా గట్టు మీద నిలబడ్డట్టు నిలబడి అరిచేది. నేను ఇక్కడికి కోడలిగా వచ్చినప్పుడు "ఓ కోడలు పిల్లా" అని పిలిచింది. నాకు జుట్టు నెరిసినా ఆ పిలుపు మారలేదు.

మా రెండు డాబాలకు మధ్య ఒకటే పిట్టగోడ. వాళ్ల డాబా మీద నీడ పడుతుందని ప్రతి ఎండాకాలం ఆ గోడ దాటి వచ్చి, మా డాబా మీద పాత ఆకుపచ్చ చీర పరిచి మిరపకాయలు ఆరబోసేది. అడగడం లేదు, చెప్పడం లేదు. ఆ ఘాటుకు ఇంటిల్లిపాదీ తుమ్మేవాళ్లం. మా ఆయనకు ఆయాసం. ఒకసారి తట్టుకోలేక పైకెక్కి గట్టిగా అడిగాను.

"నీ మొగనికి దమ్మొచ్చేది నా మిరపకాయలకు గాదు, గా ఫ్యాక్టరీల పొగకు. దమ్ముంటే పోయి ఆళ్లతోని కొట్లాడు" అని, నా ముందే ఇంకో గంప కుమ్మరించింది.

పొగ మాట నిజమే, మా గల్లీ వెనకే ఫ్యాక్టరీలు. డాక్టర్ కూడా ఇక్కడి నుంచి మారిపొమ్మన్నాడు. దమ్మాయిగూడలో, చుట్టూ గాలి ఆడే చోట, చిన్న ఇల్లు ఒకటి చూసుకున్నాం. కానీ ఇది అమ్ముడుపోతే తప్ప అక్కడికి వెళ్లలేం. మా ఆయన రాత్రిళ్లు దిండు నిలబెట్టుకొని కూర్చుంటుంటే నాకు ఆ ఇల్లు తప్ప మరో ధ్యాస ఉండేది కాదు.

బ్రోకర్ వచ్చి మా ఇంటిని పెళ్లిచూపులకు కూర్చోబెట్టే పిల్లలా ముస్తాబు చేయించాడు. గోడలకు లేత పసుపు రంగు వేయించాం. వెనక గదిలో చెమ్మ పట్టిన చోటికి బీరువా జరిపాం. పట్టపగలు అన్ని లైట్లూ వేశాం. మురుగు మోరీ వాసన తెలియకుండా అగరొత్తులు వెలిగించాం. ఎవరైనా చూడటానికి వచ్చే రోజు తెల్లవారకముందే ట్యాంకర్ తెప్పించి సంపు నింపేవాళ్లం, నల్లా తిప్పగానే నీళ్లు ధారగా పడాలని. వాళ్లు వచ్చే వేళకు మా ఆయన్ని చాయ్ హోటల్‌కు పంపేసేదాన్ని. ఆయన దగ్గితే బేరం చెడుతుందని భయం. ఇల్లు అమ్మేవాళ్లు ఎవరైనా చేసేదే ఇది. నాకేం సిగ్గు లేదు.

మొదటివాళ్లు మల్కాజిగిరి నుంచి కారులో వచ్చారు. నల్లా చూసి మురిసిపోయారు. బయటికి వస్తుంటే పెద్దమ్మ తన గేటు మీద మోచేతులు ఆనించి నిలబడి ఉంది.

"నీళ్లు మస్తుగొస్తున్నయని మురుస్తున్నరా? పొద్దుగాల్నే ట్యాంకరొచ్చింది. గా సప్పుడుకు నాకు నిద్రనే లేకపాయె" అంది. అంతటితో ఆగితే ఆమె పెద్దమ్మ ఎట్లా అవుతుంది? "బీరువ ఎనక గిట్ల సూసిన్రా, సూడలేదా?"

వాళ్లు మళ్లీ ఫోన్ ఎత్తలేదు. తర్వాత వచ్చినవాళ్లకు వానాకాలం గల్లీలో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చీర కుచ్చిళ్లు పైకెత్తి మరీ చూపించింది. సైనిక్‌పురి నుంచి వచ్చిన పెద్దమనిషికి మా ఆయన ఎట్లా దగ్గుతాడో తనే దగ్గి వినిపించింది. వానలు పోయాయి, చలి పోయింది, ఇల్లు మాత్రం అమ్ముడుపోలేదు. ఆమె చచ్చిపోతే బాగుండునని ఆ రోజుల్లో ఎన్నిసార్లు అనుకున్నానో లెక్క లేదు.

ఒకరోజు ఆమె గేటు పట్టుకొని అడిగేశాను. "నీకేం అన్యాయం చేసినం పెద్దమ్మా? మా ఆయన పానం మీదికొచ్చింది. ఎందుకిట్ల చేస్తున్నవు?"

ఆమె గొంతు తగ్గించలేదు. "నువ్వు అమ్ముకొని పోతవ్ పిల్లా. పొద్దుమాపు ఆళ్ల మొకం సూసుకుంట బతికేది నేను. కారుల కెల్లి దిగి గేటు గూడ ఏసుకోనోళ్లు నాకు పక్కన వద్దు. నాకు పనికొచ్చేటోళ్లు రానీ, అప్పుడు సూద్దాం."

మేం ఇల్లు అమ్ముతున్నాం అనుకుంటున్నాం. ఆమె పొరుగును ఏరుకుంటోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఈ ఎండాకాలం మొదట్లో ఉప్పల్‌లో కిరాయికి ఉండే జంట వచ్చింది. వరంగల్ వైపు వాళ్లు. డాబా చూపిద్దామని పైకి తీసుకెళ్తే, ఎప్పటిలాగే ఆకుపచ్చ చీర, దాని నిండా మిరపకాయలు. ఆ అమ్మాయి చెప్పులు మెట్ల దగ్గరే విడిచి, చీర అంచు తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్లి, ఒక కాయ విరిచి చూసింది. "ఇంక రెండెండలు గావాలె" అంది. పిట్టగోడ అవతల నుంచి పెద్దమ్మ తల లేచింది.

"నీకెట్ల ఎరుకనే?"

"మాది మిర్చి చేనే పెద్దమ్మా."

ఆ రోజు ఆమె వాళ్లను తన ఇంట్లోకి పిలిచి చాయ్ పోసింది. నన్ను పిలవకపోయినా నేనూ వెళ్లి కూర్చున్నాను. ట్యాంకర్, బీరువా, మోరీ, పొగ, మా ఆయన దగ్గు, ఒక్కటి మిగల్చకుండా అన్నీ చెప్పింది. ఇక అయిపోయిందనుకున్నాను. చివర్లో ఆ అమ్మాయి మోకాలి మీద చెయ్యేసి, "అన్నిట్కి మందున్నది. వానొస్తే మోరీ మూత ఎట్ల తియ్యాల్నో నేను సూపిస్త. ఏం ఫికర్ జెయ్యకు, నేనున్న. వచ్చేటప్పుడు మీ చేన్ల కాయ తీస్కరా" అంది.

ఆ "నేనున్న" మీదే మా ఇల్లు అమ్ముడుపోయింది. మా రంగు మీదా కాదు, సంపు నీళ్ల మీదా కాదు. అంత మాట ఇచ్చిన మనిషి నెల తిరగకుండా పోయింది. నా కోపం ఎందుకో మీకిప్పుడు తెలిసే ఉంటుంది. ఆ కోపంలోనే మల్కాజిగిరి వెళ్లాను, ఆ కోపంలోనే ఆమె కాళ్లకు దండం పెట్టాను, ఏడ్చాను కూడా. ఇక ఉండేవాళ్లు లేరని కూతురు వచ్చి పక్కింటి గేటుకు తాళం వేసి వెళ్లింది.

నిన్న ఉప్పల్ వాళ్లు వచ్చారు. ఆ అమ్మాయి చేతిలో మిరపకాయల సంచి. పక్క గేటు తాళం చూసి, "పెద్దమ్మ ఊరికి వోయిందా అక్కా?" అని అడిగింది. దాచడానికి ఈసారి నా దగ్గర బీరువా లేదు. చెప్పేశాను. ఆ అమ్మాయి భర్త మా ఇంటి వైపు, భార్య వైపు మార్చి మార్చి చూశాడు. వద్దంటాడేమో అనుకున్నాను. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకొని, "తెమ్మన్నది గదా. ఆరబోస్త" అని డాబా ఎక్కింది. అతను "సోమవారం రిజిస్ట్రేషన్‌కు ఎన్నింటికి రమ్మంటరన్నా?" అని మా ఆయన్ని అడిగాడు.

పైన పరవడానికి గుడ్డ లేదు. పెద్దమ్మ తాడు మీద ఆ ఆకుపచ్చ చీర ఇంకా వేలాడుతోంది. పిట్టగోడ మీంచి వంగి లాగి ఇచ్చాను. ఆ అమ్మాయి సంచి కుమ్మరించింది. ఘాటు లేచింది. కింద మా ఆయన దగ్గాడు, నాకు తుమ్ము మీద తుమ్ము. అలవాటు కొద్దీ పిట్టగోడ వైపు తిరిగి, "పెద్దమ్మా!" అని గట్టిగా అరిచాను. అవతల ఖాళీ తాడు ఇంకా ఊగుతోంది.